ల్యాంప్ రూమ్ నుంచి లిథియం దాకా... మధ్యలో ఒక పల్చటి పొర

మందమర్రిలో పెరిగినవాళ్లకు ల్యాంప్ రూమ్ గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. మస్టర్ పడ్డాక కార్మికుడు ముందుగా ఆగేది అక్కడే. తన నంబరున్న క్యాప్ ల్యాంప్ తీసుకుని, బ్యాటరీని నడుం బెల్టుకు బిగించి, లైటును టోపీకి తగిలించుకుని గనిలోకి దిగుతాడు. మా బాపు ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఆ బ్యాటరీ లెడ్ యాసిడ్‌ది. రెండు కిలోల పైమాటే. షిఫ్టంతా నడుం మీద ఆ బరువు, చొక్కా అంచుకు యాసిడ్ చుక్కల చిల్లులు. తర్వాత లిథియం అయాన్ ల్యాంపులు వచ్చాక బరువు ఒక్కసారిగా దిగిపోయింది.

గనిలో ఇంకో దీపం కూడా ఉండేది. ఓవర్‌మన్, సర్దార్ల చేతిలో కనిపించే ఫ్లేమ్ సేఫ్టీ ల్యాంప్. 1815లో ఇంగ్లండ్‌లో హంఫ్రీ డేవీ చేసిన దీపం దానికి మూలం. మంట చుట్టూ సన్నటి తీగల జాలీ ఉంటుంది. గాలి లోపలికి పోతుంది, వెలుగు బయటికి వస్తుంది, మంట మాత్రం దాటదు. దాటబోయేలోపే దాని వేడిని తీగలు లాగేసుకుంటాయి. అందుకే బయట మీథేన్ ఉన్నా అంటుకోదు. పోవాల్సింది పోవాలి, ఆగాల్సింది ఆగాలి. జాలీకి ఉన్న పని అంతే. కానీ జాలీలో ఒక్క తీగ తెగినా ఆ దీపాన్ని గనిలోకి తీసుకుపోకూడదు.

లిథియం బ్యాటరీ లోపల కూడా ఇలాంటి జాలీ ఒకటుంది. పేరు సెపరేటర్. మీ ఫోన్‌లో ఉంది, పక్కింటివాళ్ల ఎలక్ట్రిక్ స్కూటర్‌లో ఉంది. ఈ పొరను కాస్త మార్చి, లిథియం మెటల్ బ్యాటరీ ఎక్కువ కాలం బతికేలా చేయడం ఇప్పుడు పెద్ద పరిశోధన. కోర్ బ్రాంచ్ చదివి, చివరికి ఏ సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరాలా అని అమీర్‌పేట వైపు చూస్తున్న మీకు ఈ పొరతో ఏం పని అంటారా? కొంచెం ఓపిక పట్టండి.

‘99 శాతం బాగానే ఉంది సార్’

ఫైనలియర్‌లో ఉన్నప్పుడు ఓ కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్లాను. రెజ్యూమెలో ‘బ్యాటరీల మీద ఆసక్తి’ అని రాసుకున్నా. అవతలాయన అడిగిన ప్రశ్న ఒక్కటే. ‘ఒక లిథియం మెటల్ సెల్ కూలంబిక్ ఎఫిషియెన్సీ 99 శాతం. మంచిదేనా?’ నూటికి తొంభై తొమ్మిది కదా అని, ‘చాలా బాగుంది సార్’ అన్నాను. ఆయన కాగితం నా వైపు జరిపి, ‘వందసార్లు ఛార్జ్ చేస్తే ఎంత మిగులుతుందో లెక్కెయ్’ అన్నారు.

మీరూ వేయండి. ఛార్జ్ చేసినప్పుడు లోపలికి పంపిన లిథియంలో 99 శాతమే తిరిగి వస్తోంది. అంటే ప్రతిసారీ ఒక శాతం పోతోంది. 0.99ని వందసార్లు గుణిస్తే 0.366. వంద ఛార్జింగులకే లిథియం దాదాపు మూడింట ఒక వంతుకు పడిపోయింది. 99.9 శాతమైతే వంద సైకిళ్ల తర్వాత 90 శాతం మిగులుతుంది, 500 సైకిళ్లకు మళ్లీ 60 దగ్గరికి దిగుతుంది. వెయ్యి సైకిళ్ల తర్వాత 80 శాతం మిగలాలంటే 99.98 శాతం దగ్గర ఉండాలి. పరీక్షలో ఒక మార్కు పోతే ఎవరికీ పట్టదు. ఇక్కడ దశాంశం తర్వాత రెండో అంకె దగ్గరే బ్యాటరీ బతుకు తేలిపోతుంది.

ఆ ఉద్యోగం రాలేదు. లెక్క మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు.

అంత ఇబ్బంది ఉంటే లిథియం మెటలే ఎందుకు?

ఇప్పుడు మనం వాడే లిథియం అయాన్ బ్యాటరీలో ఆనోడ్ గ్రాఫైట్. ఛార్జ్ చేసినప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరల మధ్యకు వెళ్లి కూర్చుంటాయి. అల్మారాలో పుస్తకాలు సర్దినట్టు. అల్మారా ఉంది కాబట్టి క్రమం ఉంది, కానీ అల్మారా బరువూ మనమే మోయాలి. గ్రాఫైట్ గ్రాముకు 372 మిల్లీ ఆంపియర్ అవర్ల ఛార్జ్ పట్టగలదు. అల్మారా తీసేసి లిథియం లోహాన్నే ఆనోడ్‌గా పెడితే గ్రాముకు 3,860. దాదాపు పదింతలు.

ఇక్కడే చాలామంది ‘పదింతల మైలేజీ’ అని రాసేస్తారు. అది తప్పు. పది రెట్లు అనేది ఆనోడ్ పదార్థానికి మాత్రమే. సెల్‌లో కేథోడ్, ఎలక్ట్రోలైట్, రేకులు, డబ్బా అన్నీ ఉంటాయి. ఇప్పటి మంచి లిథియం అయాన్ సెల్ కిలోకు 250 నుంచి 300 వాట్ అవర్లు ఇస్తుంటే, అమెరికాలో లిథియం మెటల్ మీద పనిచేస్తున్న బ్యాటరీ500 అనే బృందం పెట్టుకున్న లక్ష్యం 500. అదీ తక్కువేం కాదు. అదే బరువుకు దాదాపు రెట్టింపు దూరం.

నిజానికి లిథియం మెటల్ కొత్తదీ కాదు. 1970ల్లో ఎక్సాన్ కంపెనీలో స్టాన్లీ విటింగ్‌హామ్ చేసిన రీఛార్జబుల్ లిథియం బ్యాటరీలో ఆనోడ్ లోహమే. 1980ల్లో కెనడాకు చెందిన మోలీ ఎనర్జీ అలాంటి సెల్స్‌ను మార్కెట్‌లోకి కూడా తెచ్చింది. 1989లో జపాన్‌లో మొబైల్ ఫోన్ల బ్యాటరీలకు మంటలు అంటుకోవడంతో వాటిని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఈలోపు 1985లో జపాన్‌లోని అసాహీ కసేలో అకీరా యోషినో లిథియం లోహం లేకుండా కార్బన్ ఆనోడ్‌తో సెల్ చేసి చూపించారు. 1991లో సోనీ దాన్ని అమ్మకానికి పెట్టింది. ఆ దారిలోనే మన ఫోన్లు వచ్చాయి. 2019లో విటింగ్‌హామ్, గుడ్‌ఇనఫ్, యోషినోలకు నోబెల్ వచ్చింది. లోహం కథ మాత్రం ఏళ్ల తరబడి ఎక్కువగా ల్యాబుల్లోనే ఉండిపోయింది.

లోపల జరిగేది

అల్మారా లేనప్పుడు లిథియం ఎక్కడ పడితే అక్కడ పేరుకుంటుంది. ఛార్జ్ చేసిన ప్రతిసారీ అయాన్లు సెపరేటర్ రంధ్రాల గుండా వచ్చి ఆనోడ్ మీద లోహంగా మారతాయి. ఉపరితలం ఎక్కడ కాస్త ఎత్తుగా ఉంటే అక్కడికి ఇంకొన్ని ఎక్కువ వస్తాయి. ఆ ఎత్తు ఇంకా పెరుగుతుంది. కొన్నిచోట్ల నాచులా, కొన్నిచోట్ల ముళ్లలా లేస్తుంది. ఆ ముళ్ల పేరు డెండ్రైట్లు. ముల్లు సెపరేటర్‌ను దాటి అవతల కేథోడ్‌ను తాకిందా, లోపలే షార్ట్.

అది పెద్ద ప్రమాదం. కానీ ఎక్కువ బ్యాటరీలు చచ్చేది అలా కాదు, నెమ్మదిగా. డిశ్చార్జ్ అయ్యేటప్పుడు ముల్లు మొదట్లో కరిగిపోతే పైముక్క తెగి విడిగా పడిపోతుంది. దానికి కరెంటు అందదు, తిరిగి పనికిరాదు. దాన్ని డెడ్ లిథియం అంటారు. కొత్తగా బయటపడిన లోహం మీద ఎలక్ట్రోలైట్ చర్య జరిపి కొత్త పొర కడుతుంది, ఆ మేరకు ఎలక్ట్రోలైట్ ఖర్చవుతుంది. ఇందాక లెక్కలో పోయిన ఆ ఒక శాతం వెళ్లేది ఇక్కడికే.

ఇప్పుడు సెపరేటర్‌ను చూడండి. మామూలుగా ఇది పాలీఇథిలీన్ లేదా పాలీప్రొపిలీన్ పొర. కిరాణా కొట్టు సంచీ, బకెట్ ఏ కుటుంబానికి చెందినవో ఇదీ ఆ కుటుంబమే. మందం 10 నుంచి 25 మైక్రాన్లు. మన వెంట్రుక 70 మైక్రాన్ల దాకా ఉంటుందనుకుంటే దాంట్లో మూడో వంతో, ఇంకా తక్కువో. పొరలో 40 శాతం దాకా ఖాళీ రంధ్రాలే, వాటిలో ఎలక్ట్రోలైట్ నిండి ఉంటుంది. ఈ ప్లాస్టిక్‌కు రెండు బలహీనతలు. ఒకటి, ఎలక్ట్రోలైట్‌ను సరిగా పీల్చుకోదు. తామరాకు మీద నీళ్లలాగా జారిపోతుంది. ఒకచోట తడిసి ఇంకోచోట తడవకపోతే అయాన్లన్నీ తడిసిన చోటు గుండానే తోసుకొస్తాయి, ముళ్లు అక్కడే లేస్తాయి. రెండోది వేడి. పాలీఇథిలీన్ 130 డిగ్రీల దగ్గర మెత్తబడి ముడుచుకుంటుంది. అలా రంధ్రాలు మూసుకుపోయి సెల్ ఆగిపోవడం కొంతవరకు మంచిదే, దాన్ని షట్‌డౌన్ అంటారు. కానీ పొర మొత్తం ముడుచుకుపోతే రెండు ఎలక్ట్రోడ్లు నేరుగా తగులుతాయి. డేవీ దీపంలో జాలీ చిరిగినట్టే.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, అదే నెలలో విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. అవి లిథియం మెటల్ బ్యాటరీలు కావు, కారణం సెపరేటరే అని నేను అనడం లేదు. ఆ ఏడాదే ఎలక్ట్రిక్ టూవీలర్ల బ్యాటరీ ప్రమాణం ఏఐఎస్ 156ను ప్రభుత్వం కఠినం చేసింది. లోహం లాంటి ఇంకా చురుకైన పదార్థాన్ని ఇళ్లలోకి తేవాలంటే ముందు ఈ పొర సంగతి తేలాలి.

పొరను ఎలా మారుస్తున్నారు?

అన్నిటికంటే పాత పద్ధతి, ఇప్పటికే ఫ్యాక్టరీల్లో ఉన్నది సెరామిక్ పూత. అల్యూమినా లేదా బోహ్‌మైట్ పొడిని జిగురుతో కలిపి, ప్లాస్టిక్ పొర మీద కొద్ది మైక్రాన్ల మందంతో పూస్తారు. గోడకు సున్నం వేసినట్టే అనుకోండి. వేడికి ముడుచుకోవడం తగ్గుతుంది, ఎలక్ట్రోలైట్ చక్కగా పీలుస్తుంది. ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీల్లో ఈ పూత ఉన్న సెపరేటర్లు మామూలే. లిథియం లోహానికి ఇది అవసరమే, ఇది ఒక్కటే చాలదు.

నాకు బాగా నచ్చింది దక్షిణ కొరియా పరిశోధకుల ఆలోచన. సముద్రంలో ఆల్చిప్పలు అలలు కొడుతున్నా రాళ్లకు అతుక్కునే ఉంటాయి, అదీ తడి రాయికి. ఆ జిగురు రసాయనం లాంటిదే పాలీడోపమీన్. దాన్ని సెపరేటర్‌కు పూస్తే ఎలక్ట్రోలైట్ అన్నిచోట్లా సమానంగా తడుస్తుంది. లిథియం లోహం మీద ఇలాంటి సెపరేటర్ పెడితే సెల్ ఎక్కువ సైకిళ్లు నిలుస్తుందని 2012లో చూపించారు. పూత వేయడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు, ద్రావణంలో ముంచి తీయడమే.

అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్‌లో యీ చుయీ బృందం మరో రెండు దారులు చూపింది. 2014లో రెండు సెపరేటర్ల మధ్య అతి పల్చటి రాగి పొర పెట్టారు. ముల్లు సగం దూరం వచ్చి రాగిని తాకగానే వోల్టేజీలో తేడా కనిపిస్తుంది. షార్ట్ కాకముందే ‘ఆపండి’ అని చెప్పే ఏర్పాటు. గనిలో మీథేన్ డిటెక్టర్ కూత పెట్టినట్టు. 2017లో సిలికా పొడిని రెండు పొరల మధ్య శాండ్‌విచ్‌లా పెట్టారు. లోపలికి దూరిన లిథియం ముల్లు సిలికాతో చర్య జరిపి అక్కడే అరిగిపోతుంది. ముల్లును అడ్డుకోవడం కాదు, తినేయడం.

లిథియం సల్ఫర్ బ్యాటరీలో ఇబ్బంది వేరు. అక్కడ కేథోడ్ నుంచి పాలీసల్ఫైడ్లు కరిగి ఆనోడ్ వైపు వలస పోతాయి. కేథోడ్‌కు, సెపరేటర్‌కు మధ్య కార్బన్ పొర పెట్టి వాటిని పట్టి ఉంచవచ్చని చూపినవాళ్లలో టెక్సస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అరుముగం మంథిరం ఒకరు. తమిళనాడులోని ఓ చిన్న పల్లె నుంచి మదురై, ఐఐటీ మద్రాస్ మీదుగా అక్కడికి వెళ్లిన మనిషి. 2019లో గుడ్‌ఇనఫ్ తరఫున నోబెల్ ఉపన్యాసం ఇచ్చింది ఆయనే.

‘వెయ్యి గంటలు’ అని చూడగానే చప్పట్లు కొట్టకండి

సెపరేటర్ మార్చగానే జీవితకాలం ఇన్ని రెట్లు పెరిగిందనే వార్తలు తరచూ వస్తుంటాయి. అబద్ధాలని కాదు. కానీ ఏ షరతుల్లో అనేది చూడాలి. చాలా ప్రయోగాల్లో రెండు వైపులా లిథియం రేకులే ఉంటాయి, దాన్ని సిమెట్రిక్ సెల్ అంటారు. కేథోడ్ ఉండదు. లిథియం కావాల్సినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది కాబట్టి కొంత పోయినా బయటపడదు. అవసరానికి మించి డబ్బున్నవాడికి నెలాఖరు తెలియనట్టు. ఎలక్ట్రోలైట్ ధారాళంగా పోస్తారు. కరెంటు తక్కువ పెడతారు. చొక్కా బొత్తం కంటే కాస్త పెద్దదైన సీఆర్2032 కాయిన్ సెల్‌లో బాగున్నది, పెద్ద పౌచ్ సెల్‌లో అలాగే ఉంటుందన్న హామీ లేదు.

అందుకే ఏ పేపర్ చదివినా ఇవి వెతకండి: లిథియం మందం ఎంత, ఎలక్ట్రోలైట్ ఎంత, కరెంట్ డెన్సిటీ ఎంత, ఎదురుగా కేథోడ్ ఉందా, పూత వల్ల సెపరేటర్ మందం, బరువు ఎంత పెరిగాయి. ఐదు మైక్రాన్ల పూత వేసి మేలు చేశామంటే, ఆ ఐదు మైక్రాన్లు సెల్ మొత్తంలో ఎంత శక్తిని తినేశాయో కూడా చెప్పాలి కదా. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్నలు మీరే తిరిగి వేయగలిగితే అవతలివాళ్లు కుర్చీలో ముందుకు జరుగుతారు. నా అభిప్రాయం అడిగితే, సెపరేటర్ ఒక్కదానితో లిథియం మెటల్ గట్టెక్కదు. ఎలక్ట్రోలైట్, సెల్ మీద పెట్టే ఒత్తిడి, ఛార్జింగ్ వేగం అన్నీ కలిసి రావాలి. అయితే మిగతావాటికంటే సెపరేటర్‌కు ఒక లాభం ఉంది. నడుస్తున్న ఫ్యాక్టరీలో మిగతా లైన్ పెద్దగా కదల్చకుండా మార్చుకోగలిగిన భాగం ఇది.

ఉద్యోగం మాటేంటి?

సింగరేణిలో 1990ల మొదట్లో లక్ష దాటి కార్మికులుండేవారు. ఇప్పుడు 40 వేల దగ్గర ఉన్నారు. మన కాలనీల్లో డిపెండెంట్ ఉద్యోగం కోసం ఏళ్లు గడిపేసినవాళ్లు ప్రతి వీధికీ కనిపిస్తారు. వాళ్లను తప్పుపట్టడానికి కాదు, ఆ వరుస ఎంత పొడుగుందో మీకూ తెలుసు. అదే మందమర్రిలో సింగరేణి 28 మెగావాట్ల సోలార్ ప్లాంట్ పెట్టింది, దానికి తోడు బ్యాటరీ స్టోరేజీ కూడా. ఊరు బొగ్గుదే, కానీ కరెంటు కథ బొగ్గు దగ్గరే ఆగలేదు.

రాష్ట్రంలో అసలు పెద్ద అడుగు మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో పడింది. 2022 డిసెంబర్‌లో అమరరాజా అక్కడ పదేళ్లలో రూ.9,500 కోట్ల పెట్టుబడికి రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. ప్రణాళిక 16 గిగావాట్ అవర్ల సెల్స్, 5 గిగావాట్ అవర్ల ప్యాకులు. ఇక్కడ తయారయ్యేవి లిథియం అయాన్ సెల్స్, లిథియం మెటల్ కాదు. ఆ తేడా ఇంటర్వ్యూలో తప్పు చెప్పకండి. కానీ సెపరేటర్ రెంటికీ కావాలి. ప్రపంచంలో సెపరేటర్లు ఎక్కువగా చేసేది చైనా, జపాన్, కొరియా కంపెనీలు. మన దగ్గర సెల్ ఫ్యాక్టరీలు పెరిగేకొద్దీ వచ్చిన ప్రతి రోల్‌ను పరీక్షించడానికి, లైన్ మీద చుట్టడానికి, పూతలు వేయడానికి మనుషులు కావాలి.

ఎవరు సరిపోతారు? ‘కెమిస్ట్రీ పీహెచ్‌డీ ఉంటేనే’ అనుకుంటే పొరపాటే. సెపరేటర్ అంటే మొదట ఒక ప్లాస్టిక్ ఫిల్మ్. దాన్ని సాగదీసి రంధ్రాలు తెస్తారు, లేదా నూనెతో కలిపి ఫిల్మ్ చేసి తర్వాత నూనెను కడిగేస్తారు. ఇది ప్లాస్టిక్స్, కెమికల్ ఇంజినీరింగ్ పని. హైదరాబాద్ చర్లపల్లిలోని సిపెట్‌లో నేర్పే ఫిల్మ్ ఎక్స్‌ట్రూజన్ ఇక్కడ నేరుగా పనికొస్తుంది. వందల మీటర్ల రోల్‌ను ముడతలు పడకుండా లాగడం మెకానికల్ వాళ్ల తలనొప్పి. మంథని జేఎన్‌టీయూలో మెకానికల్ చేసినా, బెల్లంపల్లి పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసినా, మంచిర్యాలలో బీఎస్సీ కెమిస్ట్రీ చేసినా ఎక్కడో ఒకచోట తలుపు ఉంది. డిప్లొమా వాళ్లకు ప్రొడక్షన్ లైన్, బీఎస్సీ వాళ్లకు క్వాలిటీ ల్యాబ్ దగ్గరి దారి.

పరిశోధన వైపు వెళ్లాలంటే హైదరాబాద్ బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ ఉంది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ కిందిది, బ్యాటరీ పదార్థాల మీద పనిచేస్తుంది. ప్రాజెక్టుల కోసం తాత్కాలిక పోస్టులకు ప్రకటనలు వస్తుంటాయి, వెబ్‌సైట్ నెలకోసారైనా చూడండి. తమిళనాడు కారైకుడిలోని సీఎస్ఐఆర్ సెక్రీ పూర్తిగా ఎలక్ట్రోకెమిస్ట్రీ సంస్థ, కెమికల్ అండ్ ఎలక్ట్రోకెమికల్ ఇంజినీరింగ్‌లో బీటెక్ కూడా నడుపుతోంది. కెమిస్ట్రీ పీజీ చేసినవాళ్లకు సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు రూ.37,000 ఫెలోషిప్. ఇంజినీరింగ్ వాళ్లకు గేట్. అందులో ఎక్స్‌ఈ పేపర్‌లో పాలిమర్ సైన్స్ విభాగం ఉందని చాలామందికి తెలియదు.

ఫైనలియర్ ప్రాజెక్టుగా...

ముందుగా ఒక మాట. పాత ఫోన్ బ్యాటరీ విప్పి సెపరేటర్ తీద్దామనే ఆలోచన మానుకోండి. లోపలి ఎలక్ట్రోలైట్‌లోని లిథియం ఉప్పు గాలిలోని తేమ తగిలితే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ పుడుతుంది. అందుకే ల్యాబుల్లో ఆర్గాన్ నింపిన గ్లవ్ బాక్స్‌లో సెల్స్ కడతారు. మీ కాలేజీలో అది ఉండకపోవచ్చు. ఉండనక్కర్లేదు.

కొత్త సెపరేటర్ షీట్లు ల్యాబ్ సామాను అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతాయి. అల్యూమినా పొడి, పీవీఏ జిగురు, డిస్టిల్డ్ వాటర్, ఒక ఓవెన్ చాలు. సగం ముక్కలకు పూత వేయండి, సగం అలాగే ఉంచండి. 5 సెంటీమీటర్ల చదరాలుగా కోసి 130 డిగ్రీల దగ్గర అరగంట పెట్టి, ఎంత ముడుచుకున్నాయో స్కేలుతో కొలవండి. రెంటి మీదా ఒక్కో నీటి చుక్క వేసి పక్కనుంచి ఫోన్‌తో ఫొటో తీస్తే, ఆ చుక్క ఎంత కోణంలో నిలబడిందో ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చెప్పేస్తుంది. పూతకు ముందు, తర్వాత మందం మైక్రోమీటర్‌తో చూడండి, బరువు తూచండి.

మొదటిసారి పూత ఆరగానే పొలుసులుగా రాలిపోతుంది. ప్లాస్టిక్‌కు నీళ్లు పట్టవు కదా. జిగురు పాళ్లు మార్చి, కొంచెం ఆల్కహాల్ కలిపి మళ్లీ చేయాలి. ఏ తేదీన ఏ పాళ్లతో చేస్తే రాలింది, ఏ పాళ్లతో నిలిచిందనేది నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. ఆ నోట్‌బుక్‌ను ఇంటర్వ్యూకు తీసుకెళ్లండి, ప్రింట్ తీసిన రిపోర్టు కంటే ముందు అదే టేబుల్ మీద పెట్టండి.